సైబరాబాద్‌లో శరదృతువు

తెలుగు పంచాంగం ఆశ్వయుజ, కార్తీక మాసాలను శరదృతువుగా లెక్కిస్తుంది. భారత వాతావరణ విభాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉన్న మూడు నెలలను రుతుపవనానంతర కాలంగా, అంటే నైరుతి వానలు వెనుదిరిగిన తరువాతి కాలంగా పరిగణిస్తుంది. ఈ రెండు లెక్కలూ ఒకటయ్యే వారాలలో హైదరాబాద్ పడమటి అంచున మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాలలో, అంటే సైబరాబాద్ ఐటీ కారిడార్‌లో, ప్రకృతి ఏ రూపం తాలుస్తుందో, అక్కడి తోటలూ పెంపుడు జంతువులూ పండుగలూ ఆ రూపాన్ని ఎలా అనుసరిస్తాయో పరిశీలించడం ఈ ప్రసంగంలోని విషయం. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ఐటీ భవనం ప్రారంభమయ్యే వరకు రాతిగుట్టలూ సీతాఫలం పొదలూ చెరువులూ చిన్న గ్రామాలూ ఉన్న ఈ నేల పాతికేళ్ళలో అద్దాల భవనాల వరుసగా మారిపోయింది. అంతమాత్రాన ఋతువు అక్కడినుంచి వెళ్ళిపోలేదు. దానికి మిగిలిన చోటు మాత్రమే తగ్గిపోయింది.

శరత్తు అనగానే పండుటాకులు రాలే దృశ్యం కళ్ళముందు కదలడం చలిదేశాల చిత్రాలూ సినిమాలూ చేసిన అలవాటు. ఆ దేశాలలో గడ్డకట్టే చలికి ముందే చెట్లు ఆకులను వదిలించుకుంటాయి. దక్కన్ పీఠభూమిలో చెట్లకు ఇబ్బంది చలితో కాదు, నీటి కొరతతో. అందువల్ల ఇక్కడ ఆకులు రాలేది నేలలోని తేమ ఆరిపోయే మాఘ ఫాల్గుణాలలో, అంటే శిశిరంలో. శరత్తు నాటికి నాలుగు నెలల వానలు తాగిన నేల ఇంకా తడిగానే ఉంటుంది కనుక గడ్డి నడుమెత్తు పెరిగి కంకి వేస్తుంది, చెరువులు నిండుగా ఉంటాయి, గుట్టల మీది పొదలు పూతకు వస్తాయి. ఈ ప్రాంతంలో ఏడాది మొత్తం మీద పచ్చదనం పతాకస్థాయికి చేరేది ఈ వారాలలోనే.

వాతావరణం విషయానికి వస్తే, నైరుతి రుతుపవనాలు హైదరాబాద్ నుంచి సాధారణంగా అక్టోబరు మధ్యలో నిష్క్రమిస్తాయి. అప్పటిదాకా పడమటి నుంచి వీచిన గాలులు బలహీనపడి, క్రమంగా ఈశాన్యం నుంచి వీచడం మొదలవుతుంది. ఈ మార్పిడి జరిగే పదిపదిహేను రోజులలో గాలి దాదాపు స్తంభించిపోతుంది; ఆకాశంలో మబ్బు లేకపోవడం వల్ల ఎండ సూటిగా దిగుతుంది; నేలలోని తేమ ఆవిరై పైకి లేస్తుంది. మధ్యాహ్నం ఆఫీసు ఏసీ గదిలోంచి బయటకు వచ్చినవారికి ఒళ్ళు జిడ్డుగా అనిపించడానికి కారణం ఇదే. అదే రోజు తెల్లవారుజామున కిటికీ తెరిస్తే సన్నని చలి తగులుతుంది. మబ్బు అడ్డులేని రాత్రులలో నేల తన వేడిని ఆకాశంలోకి త్వరగా వదిలేయడమే ఆ చలికి మూలం.

ఈ ఋతువుకు ప్రశాంతమైన ముఖం ఒక్కటే లేదు. రుతుపవనాలు వెళ్ళిపోతున్నాయనుకున్న సమయంలోనే బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు పడమరకు కదిలి దక్కన్ మీద కుండపోతగా కురియడం ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరద, 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కాలనీలను ముంచెత్తిన వాన, రెండూ ఈ ఋతుసంధిలో సంభవించినవే. 1908 వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. గండిపేట అని ప్రజలు పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ నేటి ఐటీ కారిడార్‌కు కూతవేటు దూరంలో ఉంది. రాతి పల్లాలలో చెరువును, చెరువు కిందికి అలుగు వాగును, వాగు కింద మరో చెరువును కూర్చిన పాత గొలుసుకట్టు ఏర్పాటు ఇటువంటి ఆఖరి వానలను కూడా పట్టుకునేది. ఆ వాగు దారి మీద కట్టడం లేచినచోట నీరు సెల్లారులోకి చేరుతుంది. ఇందులో ప్రకృతి వైపరీత్యం కంటే పల్లాన్ని పల్లంగా గుర్తించకపోవడమే ఎక్కువ.

నవంబరు వచ్చేసరికి రాత్రి ఉష్ణోగ్రతలు త్వరగా పడిపోతాయి. నగరంలో చలి ఎక్కువగా నమోదయ్యే చోట్లలో గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఒకటి. పక్కనే ఉన్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కాంక్రీటూ తారూ పగటి వేడిని రాత్రంతా పట్టి ఉంచితే, చెట్లూ గడ్డీ చెరువులూ ఉన్న ప్రాంగణం దాన్ని సాయంత్రానికే వదిలేస్తుంది. ఒకే కారిడార్‌లో, స్కూటర్ మీద పావుగంట ప్రయాణంలో, రెండు వేర్వేరు శరత్తులు అనుభవంలోకి రావడం నేలను వాడుకున్న తీరు మీద ఆధారపడిన సంగతి.

తెలంగాణలో ఈ ఋతువుకు అసలైన గుర్తు బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ తొమ్మిది రోజుల పండుగలో అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వేపకాయల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ అంటూ నైవేద్యాన్ని బట్టి రోజులకు పేర్లు ఏర్పడ్డాయి. ఆరో రోజును అలిగిన బతుకమ్మ అని పిలిచి ఆనాడు బతుకమ్మను పేర్చరు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అప్పటినుంచి ఐటీ కంపెనీల ప్రాంగణాలలోనూ గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌస్‌ల ముందూ బతుకమ్మ ఆడటం సర్వసాధారణమైంది. ఒడిశా నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో ఉద్యోగానికి వచ్చిన యువతి, నల్లగొండ నుంచో సిద్దిపేట నుంచో వచ్చిన సహోద్యోగిని చూసి చప్పట్ల లయ నేర్చుకుంటున్నది. ఒక పండుగకు ఇంతకంటే మంచి విస్తరణ ఉండదు.

ఈ పండుగలో పూలే దేవత. ఆ పూలలో మొదటి స్థానం గునుగుది. తోటకూర కుటుంబానికి చెందిన ఈ మొక్క తోటలో పెంచేది కాదు. వానాకాలం పంటల నడుమ, బీడులలో, కొత్తగా తవ్విన మట్టికుప్పల మీద తనంతట తాను మొలుస్తుంది. కోడిజుట్టు పువ్వుగా అందరూ ఎరిగిన అలంకార పుష్పం దీనికి దగ్గరి చుట్టం. కింద వెండితెలుపుగా, కొసన లేత గులాబీగా ఉండే గునుగు పువ్వును దగ్గరగా చూస్తే, అది ఒక్క పువ్వు కాదని, పొరలు పొరలుగా అమరిన వందలాది చిన్న పూల కంకి అని తెలుస్తుంది. ఆ పొరలు కాగితంలా పొడిగా ఉండటం వల్లనే కోసిన తరువాత కూడా గునుగు వాడదు. బతుకమ్మ పేర్చేవారు కాడలను సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొసలను ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగునీళ్ళలో ముంచి ఆరబెడతారు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరచి, పూల తలలు బయటికి ఉండేట్లు వరుసను గుండ్రంగా అమర్చి, లోపలి ఖాళీని తరిగిన కాడలతో ఆకులతో నింపుతూ, వరుస మీద వరుసను కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ పైకి తీసుకుపోతారు. లోపలి పూరింపు వదులైతే సాయంత్రానికి బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. శిఖరాన పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు.

గునుగు తరువాత తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఎంపికైన ఈ పొద గుట్టల మీద, రాతి సందులలో, ఎరువూ నీరూ అడగకుండా పెరుగుతుంది. పశువులు దాన్ని మేయవు కనుక ఊరి బీడులో కూడా నిలుస్తుంది. దాని బెరడు తోళ్ళను పదును చేయడానికి, ఆకు పొలంలో పచ్చిరొట్టగా వేయడానికి తరతరాలుగా ఉపయోగపడ్డాయి. వీటికి బంతి, చామంతి, గుమ్మడి, బీర, కట్ల పూలు తోడవుతాయి. గునుగు, తంగేడుల సంగతి ఒక్కసారి గమనించదగ్గది: రెండూ ఖాళీ నేల మీద పుట్టేవి, రెండూ కుండీలో కొని తెచ్చుకునేవి కావు. ఖాజాగూడ, నానక్‌రాంగూడ, గోపన్‌పల్లి చుట్టుపక్కల గుట్టలూ బీడులూ ఉన్నంతకాలం పండుగ పూలు నడక దూరంలో దొరికేవి. ఇప్పుడు చేవెళ్ళ, వికారాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి ఆటోట్రాలీలలో మూటలుగా వచ్చి, కొండాపూర్ కూడలిలో, మాదాపూర్ వీధుల్లో పేవ్‌మెంట్ మీద కట్టల లెక్కన అమ్ముడుపోతున్నాయి. తెల్లవారకముందే బీడులు తిరిగి కోసి తెచ్చే గ్రామీణ స్త్రీలకు అది ఈ కొద్ది రోజుల ఆదాయం. బేరం దగ్గర ఆ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

2025 వసంతంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన ఉన్న కంచ గచ్చిబౌలిలో దాదాపు 400 ఎకరాల నేల మీద చెట్ల నరికివేత మొదలైనప్పుడు విద్యార్థులు ఆందోళనకు దిగడం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను ఆపివేయమని ఆదేశించడం దేశమంతా తెలిసిన విషయం. ఆ చర్చలో జింకల గురించి, నెమళ్ళ గురించి చాలా మాటలు వినిపించాయి. కంచ అంటే పొదలూ గడ్డీ ఉన్న మేతనేల, అంటే తంగేడుకూ గునుగుకూ పుట్టిల్లు, కనుక ఆ చర్చలో బతుకమ్మకూ చోటు ఉండవలసింది.

బతుకమ్మను సాగనంపడానికి నీరు కావాలి. ఈ ప్రాంతంలో అటువంటి నీటి చోట్లలో ఒకటైన దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీరు అందించింది; నేడు అది 2020 సెప్టెంబరులో ప్రారంభమైన తీగల వంతెన వల్ల ఎక్కువ ప్రసిద్ధం. పూలు నీటిని శుద్ధి చేస్తాయని ప్రజలలో గట్టి నమ్మకం ఉంది. పారే వాగులో, పెద్ద చెరువులో కొద్దిపాటి పూలు కలిసిపోవడం వల్ల హాని లేదన్నది నిజం. అయితే కదలిక లేని చిన్న కొలనులో టన్నుల కొద్దీ పూలు కుళ్ళితే ఆ క్రియకు నీటిలోని ప్రాణవాయువే ఖర్చవుతుంది, చేపలకు ఊపిరి అందదు. అందువల్ల ప్రత్యేక కొలనులలో నిమజ్జనం చేసి, మర్నాడే పూలను తీసి ఎరువుగా మార్చే పద్ధతి సంప్రదాయానికి విరుద్ధం కాదు. మట్టి నుంచి వచ్చిన పువ్వు మట్టికే చేరుతున్నది. గునుగు కొసలకు కృత్రిమ రంగులకు బదులు పసుపు, కుంకుమ వాడటం కూడా చెరువు పట్ల చేసే మేలే.

చామంతిది మరో కథ. చామంతి, పందిరి చిక్కుడు వంటి మొక్కలను శాస్త్రజ్ఞులు హ్రస్వదిన మొక్కలు అంటారు. పగలు కురచబడి, అంతరాయం లేని చీకటి తగినంత పొడవు సాగినప్పుడే మొగ్గ తొడిగే మొక్కలని దీని అర్థం. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమై, అక్కడినుంచి హైదరాబాద్‌లో పగలు తగ్గుతూ డిసెంబరు మూడో వారానికి దాదాపు 11 గంటలకు చేరుతుంది. ఆ తగ్గుదలను చామంతి ఆకులు కొలుస్తాయి. పూలను ఆలస్యంగా మార్కెట్‌కు తేవాలనుకునే రైతులు రాత్రిపూట తోటలో బల్బులు వెలిగించి మొక్కను మభ్యపెట్టేది ఈ లక్షణాన్ని ఆధారం చేసుకునే. రాత్రంతా దీపాలు ఆరని ఆఫీసు భవనానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్ బాల్కనీలో పెట్టిన చామంతి ఆకులు వేస్తూ పోయి, కార్తీకం గడిచినా మొగ్గ వేయకపోతే, నేరం మొక్కదీ కాదు, ఎరువుదీ కాదు. కుండీని వీధి వెలుతురు పడని గోడ వైపుకు మార్చడం, లేదా సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు వరకు నల్లగుడ్డ కప్పడం చాలు.

బాల్కనీ తోటలకు ఈ ఋతువు నిజమైన సంవత్సరాది. పాలకూర, మెంతి, కొత్తిమీర విత్తడానికి, టమాటా, వంగ, కాలీఫ్లవర్ నారు నాటడానికి అక్టోబరు అనుకూలం. నెలల వానకు గట్టిపడిన కుండీ మట్టిని గుల్లచేసి, అడుగు రంధ్రం పూడిపోలేదని చూసుకుని, ఎరువు కలపాలి. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీరు మాత్రం ప్రమాదకరం: డెంగ్యూ వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి శుభ్రమైన నిల్వనీటిలోనే, ఆ జ్వరం విజృంభించేదీ ఈ నెలల్లోనే. వారానికి ఒకసారి ఆ పళ్ళెం ఒలకబోయడం మొత్తం అపార్ట్‌మెంట్‌కు చేసే సేవ.

దోమలకు పగవాడైన తూనీగ కూడా ఈ ఋతువు చుట్టమే. సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాలలో ఖాళీ స్థలాల మీద, క్యాంపస్ పచ్చికల మీద గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగలలో ఎక్కువ భాగం పాంటాలా అనే జాతివి. వాననీటి గుంటలలో కొన్ని వారాలలోనే ఎదిగే ఈ కీటకాలు రుతుపవనాలు తిరోగమించేటప్పుడు దక్షిణాసియా నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వైపు వలసపోతాయని, మాల్దీవులలో నివసించిన జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించాడు. గచ్చిబౌలి స్టేడియం మీద ఎగిరిన తూనీగ ఆ ప్రయాణంలో ఒక మజిలీలో ఉండి ఉండవచ్చు.

దసరా నాడు పాలపిట్టను చూడటం, జమ్మి ఆకును బంగారమని పంచుకుని పెద్దల కాళ్ళకు మొక్కడం ఈ నేల ఆచారం. పాండవులు అజ్ఞాతవాసంలో ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచిన కథతో ముడిపడిన ఈ పండుగకు ఋతుకారణమూ ఉంది: వానలు తగ్గి, బురద ఆరి, ప్రయాణాలకు దారులు తెరుచుకునే శరత్తునే పూర్వపు రాజులు దండయాత్రలకు ఎంచుకునేవారు. కాళిదాసు రఘువంశంలో రఘువు దిగ్విజయానికి బయలుదేరేది ఈ ఋతువులోనే. అదే వర్ణనలో కనిపించే సప్తపర్ణి, తెలుగులో ఏడాకుల పాల, ఇప్పుడు హైదరాబాద్ రోడ్ల వెంట విరివిగా నాటిన చెట్టు. అక్టోబరులో పొద్దుగుంకిన తరువాత నగర రోడ్ల మీద తలకెక్కే ఘాటైన పరిమళం దాని ఆకుపచ్చని తెల్లపూల గుత్తులదే. ఉబ్బసం ఉన్నవారికి ఆ ఘాటు ఇబ్బంది కలిగిస్తుందన్న ఫిర్యాదులూ ఉన్నాయి కనుక, ఒకే జాతి చెట్టును వరుసగా నాటడం కంటే వేప, కానుగ, రావి కలిపి నాటడం మేలు. పాలపిట్ట విషయంలో ఒక హెచ్చరిక అవసరం: పంజరంలో తెచ్చి డబ్బుకు చూపించే పిట్టను చూడటం పుణ్యం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని బంధించడం నేరం. ఓపిక ఉన్నవారికి విశ్వవిద్యాలయం చుట్టూ, గండిపేట పొలాల దగ్గర కరెంటు తీగ మీద అది స్వేచ్ఛగానే కనిపిస్తుంది.

దీపావళి వచ్చేసరికి పెంపుడు జంతువుల కష్టం మొదలవుతుంది. ఈ కారిడార్‌లో ఒంటరిగా ఉండే యువ ఉద్యోగులు, చిన్న కుటుంబాలు కుక్కలనూ పిల్లులనూ పెంచుకోవడం బాగా పెరిగింది. 2018లో నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ కొండాపూర్‌లో కుక్కల కోసమే ఒక పార్కును ఏర్పాటు చేసింది. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని పట్టుకుంటే కుక్క చెవి దాదాపు 45,000 వరకు పట్టుకుంటుంది. ఎత్తైన టవర్ల మధ్య టపాసు శబ్దం గోడ నుంచి గోడకు కొట్టుకుని రెట్టింపవుతుంది. బాణసంచాను రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు పెట్టిన పరిమితిని పాటించినా మూగజీవాలకు చాలా ఊరట. ఆ సాయంత్రం చీకటి పడకముందే కుక్కను తిప్పి తీసుకురావడం, లోపలి గదిలో పరదాలు వేసి పక్కన మనిషి ఉండటం, మెడపట్టీకి ఫోన్ నంబరు కట్టడం అవసరం. కానుకల పెట్టెల్లోని చాక్లెట్, ఎండుద్రాక్ష కుక్కకు విషం. అలంకరణకు తెచ్చిన లిల్లీ పూలు పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వీధికుక్కలకు గది లేదు, పరదా లేదు. అవి సెల్లారులో కార్ల కింద దాక్కుంటాయి. మర్నాడు ఉదయం కారు కదిలించే ముందు ఒకసారి వంగి చూడాలి.

దీపావళి తరువాత యాదవులు జరుపుకునే సదర్ వేడుకలో జంతువుకే పట్టాభిషేకం. నారాయణగూడ సదర్ వాటిలో పేరెన్నికగన్నది. నూనె పట్టించి నల్లగా మెరిపించిన దున్నపోతులకు కొమ్ములకు రంగులు వేసి, మెడలో పూలదండలు, గవ్వల పట్టీలు కట్టి డప్పుల మధ్య ఊరేగిస్తారు. నగరానికి పాలు పోసిన వృత్తి ఇంకా సజీవంగా ఉందని ఆ ఊరేగింపు చాటుతుంది.

కార్తీకంలో ఉసిరి నీడన వనభోజనాలకు కొత్తగూడ కూడలిలోని బొటానికల్ గార్డెన్ ఈ ప్రాంతవాసులకు దగ్గరి వనం. పాలమూరు గుట్టల సీతాఫలాలు అప్పటికి తట్టల్లోంచి తరిగిపోతుంటాయి. గునుగు కంకులు ఎండి గింజ పట్టేది కూడా అప్పుడే. అపార్ట్‌మెంట్ సంఘాలకూ కంపెనీల తోటల నిర్వాహకులకూ ఒక విన్నపం: ప్రహరీ వెంట నాలుగు గజాల నేలను ఈసారి పచ్చిక కోత యంత్రానికి అప్పగించకుండా వదిలిపెట్టండి. నవంబరులో ఎండిన గునుగు కంకిని అరచేతిలో నలిపితే ఆవగింజ కంటే చిన్నవైన నల్లని మెరిసే గింజలు రాలుతాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టి దాచి, జూన్ తొలకరికి ఆ నేల మీద చల్లండి. పందిరీ ఎరువూ అవసరం లేదు; ఎంగిలిపూల బతుకమ్మ నాటికి గునుగు కోతకు వస్తుంది.